పెరటి ఉత్తరాలు: అమెరికా తీగ, మన దూలగొండి

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుంది. పెరట్లో కంచె పొడవునా పాయిజన్ ఐవీ అనే తీగ అల్లుకుందట. కిందటి వేసవిలో మా అల్లుడు ఉత్త చేతులతో పీకితే మోచేతుల దాకా పొక్కిపోయి రెండు వారాలు బాధపడ్డాడు. మే నెలలో మేమిద్దరం వెళ్తున్నాం. ఇక్కడ మా ఇంటి వెనక గోడ మీద పాకే దూలగొండిని ఏటా నేనే కొట్టి, ఎండబెట్టి, తగలబెడుతుంటాను. అక్కడా అలాగే చేసేస్తానంటే మా ఆవిడ ససేమిరా అంటోంది. నేను వెళ్లి ఆ తీగ సంగతి చూడవచ్చా? అన్నట్టు ఈ ఏడు దూలగొండి ఇంకా కొట్టలేదు. కాయలు ఎండి గోడ మీదే ఉన్నాయి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుణుపురం (ఒడిశా)

జవాబు: మాస్టారూ, తగలబెట్టే విషయంలో అమ్మగారి మాటే నెగ్గాలి. పాయిజన్ ఐవీని కాల్చకూడదు. పచ్చిదైనా ఎండుదైనా, ఆకైనా వేరైనా సరే. ఆ మొక్క నిలువెల్లా ఉరుషియాల్ అనే జిడ్డు ఉంటుంది. పొక్కులు తెప్పించేది అదే. మంటలో వేస్తే ఆ జిడ్డు పొగతో పాటు లేచి గొంతులోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. చేతి మీద లేచిన పొక్కులకి మందు రాసుకుని కూర్చోవచ్చు, ఊపిరితిత్తుల్లో లేస్తే ఆసుపత్రిలో చేరాల్సిందే. మీరు అక్కడ విజిటర్ ఇన్సూరెన్సు మీద ఉంటారు. ఎమర్జెన్సీకి వెళ్తే వచ్చే బిల్లు గురించి అమ్మాయిని అడగండి, తగలబెట్టాలన్న సరదా దానంతటదే పోతుంది.

దూలగొండి తీరు వేరు. దాని బాధ ముఖ్యంగా కాయ మీది నూగుతోనే. గుచ్చుకున్న మరుక్షణం దురద మొదలవుతుంది, గోకుతాం, తిట్టుకుంటాం, కొన్ని గంటల్లో సద్దుమణుగుతుంది. పాయిజన్ ఐవీ ముట్టుకున్నప్పుడు ఏమీ తెలియదు. కంచె శుభ్రం చేశామన్న తృప్తితో కాఫీ తాగి పడుకుంటాం. మర్నాడో ఆ మర్నాడో ఆకు రాసుకున్న దారి పొడవునా ఎర్రటి చారలు తేలి, వాటి మీద నీటి పొక్కులు లేస్తాయి. ఇది అలర్జీ. మొదటిసారి తగిలినవాళ్లకి వారం పది రోజుల దాకా ఏమీ కనిపించకపోవచ్చు, ఒక్కోసారి అసలే రాకపోవచ్చు. "నాకేం కాలేదే" అని ధీమాగా ఉన్నవాళ్లు రెండోసారి దొరికిపోతారు. మీ అల్లుడుగారిని మాత్రం ఈసారి ఆ కంచె దగ్గరకి రానివ్వకండి. ఒకసారి అంతగా పొక్కిన ఒంటికి మళ్లీ తగిలితే ఇంకా త్వరగా లేస్తాయి.

మీ గురించి ఒక్క మాట అడగాలి. మామిడికాయ సొన తగిలితే మీకు మూతి పొక్కుతుందా? చాలామందికి పొక్కదు, కొందరికి వారం దాకా మానదు. పాయిజన్ ఐవీ, మామిడి, జీడిమామిడి, నల్లజీడి అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు చేతులకి నూనో బూడిదో పూసుకుని కూర్చుంటారు కదా, ఆ పిక్క తొక్కలోని రసం ఉరుషియాల్‌కి దగ్గర చుట్టమే. వీటిలో ఒకటి పడనివాళ్లకి ఇంకొకటి కూడా పడకపోవచ్చు. మామిడి సొన మీకు పడకపోతే ఇక్కడితో చదవడం ఆపి, కింద దూలగొండి గురించి రాసిన చోటికి వెళ్లిపోండి. న్యూజెర్సీలో పనికి డబ్బులిచ్చి మనిషిని పెట్టించండి. అమెరికాలో కొన్నిచోట్ల ఈ పనికి మేకల మందల్ని అద్దెకి తోలుకొస్తారు, అవి ఆ ఆకుని హాయిగా మేసేస్తాయి. కాకపోతే వేరు నేలలోనే ఉంటుంది, మళ్లీ చిగురిస్తుంది.

మీకు సొన పడుతుంది, చేసి తీరతానంటే ముందు మొక్కని గుర్తుపట్టండి. ఒక్కో ఆకుకి మూడు రెబ్బలు. పక్క రెబ్బలు రెండూ కాడని అంటిపెట్టుకుని ఉంటాయి, మధ్య రెబ్బకి మాత్రం పొడుగాటి తొడిమ ఉంటుంది. కొత్త చిగురు ఎర్రగా మెరుస్తుంది. ముదిరిన తీగ చెట్టెక్కితే దాని ఒళ్లంతా సన్నటి ఊడలు లేచి, కొబ్బరి పీచు తాడు చుట్టినట్టు కనిపిస్తుంది. చలికాలంలో ఆకంతా రాలిపోయినా ఆ తాడులో జిడ్డు అలాగే ఉంటుంది. పళ్లు తెల్లగా చిన్నవి. పిట్టలు వాటిని తిని కంచెల మీదా చెట్ల కిందా రెట్టలు వేస్తాయి కాబట్టే ఎప్పుడు చూసినా కంచె వారనే మొలుస్తుంది. అయిదు రెబ్బలుంటే అది వర్జీనియా క్రీపర్ అనే వేరే తీగ. రెండూ ఒకే కంచె మీద కలిసి పాకుతుంటాయి, చూసుకోండి. మూడాకులున్నదేదీ ముట్టుకోవద్దని అక్కడి పిల్లలకి నేర్పుతారు. ఆ సూత్రం గుణుపురం తెచ్చుకుంటే మారేడు, మోదుగ, చిక్కుడు అన్నీ వదులుకోవాలి.

పనికి దిగేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, ఫ్యాంటు వేసుకుని, ఫ్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి. చేతికి మందపాటి వినైల్ గ్లౌజులు ఉండాలి. పల్చటి లేటెక్సు గ్లౌజుల్లోంచి ఆ జిడ్డు లోపలికి దిగుతుంది. చిన్న మొక్కలైతే వాన పడి నేల మెత్తబడ్డ మర్నాడు పారతో చుట్టూ వదులు చేసి వేరుతో సహా లాగండి. వేరు తెగి నేలలో మిగిలితే మళ్లీ వస్తుంది. లాగినవన్నీ ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టేయండి. ఎరువుగుంటలో వద్దు. ఆ సంచి ఎక్కడ పడేయాలో ఊరూరికీ ఓ రూలు ఉంటుంది, అమ్మాయి కనుక్కుంటుంది.

చెట్టెక్కిన లావు తీగ జోలికి పోయి లాగకండి. లాగితే పైనున్నదంతా మీ నెత్తిన పడుతుంది. మోకాలి ఎత్తులో రంపంతో కోసి, పై భాగాన్ని చెట్టు మీదే ఎండిపోనివ్వండి. ఎండాక కూడా దాన్ని ముట్టుకోకూడదు. కింద మిగిలిన మోడుకి, కోసిన వెంటనే, ట్రైక్లోపైర్ ఉన్న కలుపుమందు బ్రష్‌తో పూయాలి. డబ్బా మీద రాసిన మోతాదు దాటవద్దు. ఇదంతా అయ్యాక ఆ ఏడూ పై ఏడూ చిగుళ్లు వస్తూనే ఉంటాయి. వచ్చినప్పుడల్లా తీయడం అమ్మాయి వంతు. అన్నట్టు, గడ్డి కోసే మోటారు మిషను పెట్టి ఆ తీగని కొట్టారంటే రసం తుంపర్లుగా లేచి మొహాన పడుతుంది.

పని అవగానే, టీ కూడా తాగకుండా, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో చేతులు, మెడ, మొహం గుడ్డతో రుద్ది, ఎక్కువ నీళ్లతో కడుక్కోండి. పది నిమిషాల్లోపు కడిగితే చాలావరకు గండం గడిచినట్టే. గోళ్ల సందులు మరవద్దు. బట్టలు విడిగా ఉతకాలి. పార, రంపం, చెప్పులు, తలుపు గడియ, కళ్లజోడు కూడా తుడవాలి. ఆ జిడ్డు కడగని పనిముట్ల మీద నెలల తరబడి చావకుండా ఉంటుంది. మీ చేయి మానిపోయాక షెడ్డులోంచి పార తీస్తే మళ్లీ పొక్కడానికి కారణం అదే. ఇంట్లో కుక్క ఉంటే దానికి మామూలుగా ఏమీ కాదు, కానీ ఆ పొదల్లో దూరి వచ్చి మీ ఒళ్లో కూర్చుంటుంది. దానికీ స్నానం చేయించాలి.

ఇంతా చేసినా పొక్కితే చల్లటి తడిగుడ్డ, కాలమైన్ లోషన్ పెట్టండి. ఒకటి నుంచి మూడు వారాల్లో తగ్గుతుంది. పొక్కులోంచి కారే నీటివల్ల ఇంకొకరికి అంటదు. జిడ్డు తగిలితేనే వస్తుంది. మొహం వాచినా, కళ్ల దగ్గర లేచినా, ఆయాసం అనిపించినా ఇన్సూరెన్సు లెక్కలు చూసుకోకుండా డాక్టరు దగ్గరకి పరుగెత్తండి.

ఇక మీ గోడ మీది దూలగొండి. ఇది ఏటా తొలకరికి మొలిచి, వానాకాలమంతా పాకి, ఊదారంగు పూలు పూసి, చలికాలంలో కాయలు ఎండబెట్టుకునే మొక్క. శ్రావణంలో మొలకల్ని చేత్తో పీకేస్తే సరిపోయేది. పూత మీద కొట్టినా బాధ లేదు. మీరు ఏటా కాయ ఎండాక కొడుతున్నారు, అందుకే ఏటా గింజ రాలి ఏటా మొలుస్తోంది. ఇప్పుడు మిగిలింది ఒకటే దారి. గాలి లేని రోజు చూసి, పొద్దున్నే మంచు తడి ఉండగానే, పైనుంచి పైపుతో కాయలన్నీ తడపండి. తడిసిన నూగు గాల్లోకి లేవదు. కళ్లద్దాలు, మూతికి గుడ్డ, పాత చొక్కా వేసుకుని కాయల గుత్తుల్ని కొడవలితో కోసి తడి గోనెసంచిలోకి జారవిడవండి. విసరకండి. మోకాలి లోతు గొయ్యి తీసి సంచితో సహా పూడ్చేయండి. తీగని మాత్రం తర్వాత మామూలుగా లాగేయవచ్చు. దీన్ని కూడా మంటలో వేయకండి, వేడికి కాయలు పగిలి నూగు పైకి ఎగిరి వీధంతా గోక్కుంటుంది. ఈ పనికి మనిషిని పెట్టుకుంటే "బైడంక" అని చెప్పండి. ఒడియాలో ఆ పేరు వింటే చాలు, కూలి ఎంతో అతనే చెప్తాడు.

నూగు పడితే రుద్దకూడదు, రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. చొక్కా విప్పేసి, సెల్లోటేపో ప్లాస్టరో అంటించి లాగితే నూగు దాంతో వచ్చేస్తుంది. తర్వాత సబ్బుతో స్నానం. మనవైపు ఆవుపేడ రాసే అలవాటుంది. గోకి గీరుకుపోయిన చర్మం మీద పేడ రాయడం నాకు అస్సలు నచ్చదు. ధనుర్వాతం వచ్చే దారి అది.

ప్రశ్న: మా నూతి గట్టు పక్కన ఒక సన్నటి తీగ మొలిచింది. ఆకు అంచులు రంపపు పళ్లలా ఉన్నాయి. గిన్నెలు తోమే అమ్మాయి కాలికి తగిలి మంట, దురదతో ఏడ్చేసింది. పీకించినా మళ్లీ వస్తోంది. ఉప్పునీళ్లు పోయమని ఒకరు, ఫినాయిలు పోయమని ఒకరు, గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టమని మా మరిది చెప్తున్నారు. ఫోటో పంపుతున్నాను. ఇది కూడా దూలగొండేనా? చంటిపిల్ల ఉంది, టెన్షన్‌గా ఉంది.
– గృహిణి, రాయగడ

జవాబు: అమ్మా, ఫోటో చాలా బాగా తీశారు. మూడు గదుల చిన్న కాయ, దాన్ని చుట్టుకుని దువ్వెన పళ్లలాంటి నూగు రెమ్మలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇది దురదగొండి. ఒడియాలో బిచ్ఛుఆతి అంటారు. కొందరు దీన్ని కూడా దూలగొండి అనేస్తారు కానీ మొక్క వేరు. దూలగొండికి దురద పెట్టే నూగు ముఖ్యంగా కాయ మీద, దీనికి ఆకు, కాడ, కాయ అంతా ముళ్ల నూగే. తగలగానే మంట పుడుతుంది, కాసేపటికి తగ్గిపోతుంది. సబ్బునీళ్లతో కడిగి చల్లటి గుడ్డ వేస్తే చాలు. చంటిపిల్ల పాకే వయసైతే మాత్రం ఇవాళే తీయించండి.

పీకినా వస్తోందంటే వేరు లోపలే ఉండిపోతోంది. దూలగొండిలా ఏడాదితో చచ్చే మొక్క కాదిది, వేరు గట్టిపడి ఏళ్ల తరబడి ఉంటుంది. రాత్రి ఆ చోట రెండు బిందెల నీళ్లు పోయండి. పొద్దున మందపాటి గోనెగుడ్డతో కాడని మడిచి పట్టుకుని, గునపంతో పక్కనుంచి మట్టి వదులు చేసి వేరు మొదలంటా లాగించండి. నెల పోయాక ఒకసారి చూడండి, తెగిన ముక్క ఉంటే చిగురు కనిపిస్తుంది.

ఉప్పు పోస్తే ఆ మొక్కతో పాటు పక్కనున్న మీ కరివేపాకు చెట్టు కూడా పోతుంది, ఆ మట్టి మళ్లీ దారికి రావడానికి చాలాకాలం పడుతుంది. ఫినాయిలు, గ్లైఫోసేట్ రెండూ నూతి దగ్గర మాట కూడా ఎత్తకూడదు. మీరు తాగేది ఆ నీళ్లే. మీ మరిదిగారికి అంత ఉత్సాహంగా ఉంటే గునపం ఆయన చేతికే ఇవ్వండి.

ప్రశ్న: కాశీనగర్ దగ్గర మా దొడ్డి మూలన నల్లజీడి చెట్టు ఉంది. ఇల్లు కట్టాలి, చెట్టు అడ్డం. కొట్టమంటే కూలీలు ఒళ్లు పొక్కుతుందని భయపడుతున్నారు. నిజమేనా, ఇది మూఢనమ్మకమా? కొట్టాక కట్టెలు వంటచెరకుగా వాడుకోవచ్చా?
– ఒక రైతు

జవాబు: భయపడటంలో న్యాయం ఉంది. పైన మాస్టారికి చెప్పిన పాయిజన్ ఐవీ లేని లోటు మనకి ఈ చెట్టే తీరుస్తోంది. దీని రసంలోనూ అదే జాతి జిడ్డు ఉంటుంది, గాలి తగలగానే నల్లబడుతుంది. ఒకప్పుడు చాకళ్లు బట్టలకి చెరగని గుర్తు వేసింది ఈ గింజ రసంతోనే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికులకి మెడ వెనకా నడుము దగ్గరా పొక్కులు లేచాయి. డాక్టర్లు ఆరా తీస్తే, ధోబీ వేసిన జీడి గుర్తు సరిగ్గా ఆ చోటే చర్మానికి తగులుతోందని తేలింది. 1943లో అమెరికా వైద్య పత్రికలో ఆ సంగతి అచ్చయింది. వాళ్లలో ఎంతమంది చిన్నప్పుడు పాయిజన్ ఐవీ పొదల్లో ఆడుకుని ఒంటికి ఆ అలర్జీ తెచ్చుకున్నారో మరి, ఇంతదూరం వచ్చినా దాని చుట్టం వదల్లేదు.

చెట్టు కింద నిలబడితే చాలు, పొక్కుతుందన్న మాట నేను నమ్మను. కొమ్మ విరిగి రసం మీద పడాలి, లేదా గింజ చితికి అంటాలి. కొట్టే ముందు అటవీశాఖ అనుమతి కావాలేమో కనుక్కోండి. తర్వాత గింజలన్నీ రాలిపోయి, ఆకు కూడా రాల్చిన రోజులు చూడండి. కూలీలకి నిండు చేతుల చొక్కాలు, గ్లౌజులు మీరే కొనివ్వండి, ఒంటి మీద కొబ్బరినూనె రాసుకోమనండి, అక్కడే రెండు బకెట్ల నీళ్లు, సబ్బు పెట్టండి. ఆ ఖర్చు దగ్గర వెనకాడితే మీ పునాది పని ఆగుతుంది. లేత మామిడి సొనకే పొక్కే కుర్రాడుంటే వాణ్ణి ఆ రోజు వేరే పనికి పంపండి.

కట్టెలు పొయ్యిలో పెట్టవద్దు. వంటింట్లో ఆ పొగ పీల్చేది ఆడవాళ్లు. గింజల్ని బెణుకులకీ కాలి పగుళ్లకీ రాసే అలవాటు మీ ఇంట్లో ఉంటే అది కూడా మానిపించండి. శుద్ధి చేసి మందులో వాడటం వైద్యుడి పని, పచ్చి రసం కాలికి పూయడం పొక్కుని కొనితెచ్చుకోవడం.

ప్రశ్న: మోకాళ్ల నొప్పులకి నాకు హోమియో డాక్టరు రస్ టాక్స్ 200 ఇచ్చారు. అది పాయిజన్ ఐవీ నుంచే తీస్తారని మనవడు ఫోన్‌లో చూపించాడు. తినవచ్చా, మానేయాలా? రోజూ తింటున్నాను కాబట్టి అమెరికా వెళ్తే ఆ మొక్క నన్నేమీ చేయదా?
– 71 ఏళ్ల పాఠకురాలు, జయపురం

జవాబు: మనవడు చెప్పింది నిజమేనమ్మా. రస్ టాక్సికోడెండ్రాన్ ఆ మొక్క పాత శాస్త్రీయ నామం, మందు పేరు దాన్నుంచే వచ్చింది. కానీ 200 పొటెన్సీ అంటే నూటికి ఒక వంతు చొప్పున రెండు వందల సార్లు పల్చన చేశారన్న మాట. పన్నెండుసార్లు దాటేసరికే మొదటి పదార్థం అణువు ఒక్కటి కూడా మిగలడం కష్టం. అందుకని ఆ పంచదార మాత్రలు మీకు పొక్కులు తేలేవు, పొక్కుల నుంచి కాపాడనూ లేవు. అమెరికాలో ఒంటికి అలవాటవుతుందని లేత ఆకు నమిలేవాళ్లు కూడా ఉన్నారు. అలా చేసి నోరంతా వాచినవాళ్ల కథలు డాక్టర్లకి తెలుసు. మోకాళ్లు మెట్లెక్కనీయనంత నొప్పిగా ఉంటే ఎముకల డాక్టరుకి ఒకసారి చూపించుకోండి, మాత్రల సంగతి ఆయన్నీ అడగండి.